మాస్కు గడ్డం కిందికి ఎందుకు జారింది?

మహమ్మారి వేళ జనం ఆరోగ్య సూచనలను ఎప్పుడు పాటిస్తారు, ఎప్పుడు పక్కన పెడతారు? కొత్త చట్టం గురించి చర్చ నడుస్తున్న సమయంలో ముందు తేలాల్సిన ప్రశ్న ఇది.

2020 వేసవిలో ఏ ఊరి కూడలిలోనైనా కనిపించిన దృశ్యమే. బైకు మీద వస్తున్న మనిషికి దూరంగా ఖాకీ చొక్కా కనపడుతుంది. గడ్డం కింద వేలాడుతున్న మాస్కు చటుక్కున ముక్కు మీదికి ఎక్కుతుంది. కూడలి దాటి పది గజాలు వెళ్లాక మళ్లీ గడ్డం కిందికి జారుతుంది. అదే మనిషి సాయంత్రం ఇంటికి చేరాక చెప్పులు గేటు బయటే విడుస్తాడు. పెరట్లోనే స్నానం చేసి, బట్టలు వేణ్నీళ్లలో పడేశాక గానీ లోపలికి అడుగు పెట్టడు. ముసలి తల్లి ఉన్న గది గుమ్మం దాటడు. పలకరింపు కూడా కిటికీ దగ్గర నుంచే.

కూడలిలో జరిమానా ఉంది. ఇంట్లో ఏ జరిమానా లేదు. అయినా ఆయన కచ్చితంగా పాటించింది ఇంట్లోనే. ‘మన జనానికి క్రమశిక్షణ లేదు, లాఠీ చూపిస్తేనే వింటారు’ అన్న మాట ఆ రోజుల్లో టీవీ చర్చల్లోనూ, టీకొట్ల దగ్గరా ఒకేలా వినిపించింది. ఈ ఒక్క మనిషిని రోజంతా గమనిస్తే చాలు, ఆ మాట ఎంత పైపైదో తెలిసిపోతుంది.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకు? కొవిడ్ కాలంలో రాష్ట్రాలు ప్రయోగించిన చట్టాల్లో ముఖ్యమైనది 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయి ప్రాంతంలో ప్లేగు చెలరేగినప్పుడు బ్రిటిష్ పాలకులు హడావుడిగా తెచ్చిన ఆ చట్టంలో మొదట ఉన్నవి నాలుగే సెక్షన్లు. దాన్ని సవరించాలి, లేదా కొత్త చట్టం తేవాలి అని లా కమిషన్ 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన 286వ నివేదికలో సూచించింది. అదే ఏడాది సెప్టెంబరులో నీతి ఆయోగ్ నిపుణుల బృందం కూడా ప్రజారోగ్య అత్యవసర పరిస్థితులకు ప్రత్యేక చట్టం కావాలంది. వ్యాధి బయటపడ్డాక మొదటి 100 రోజులే కీలకమని చెప్పింది. 2025 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారుల ఒప్పందాన్ని ఆమోదించింది. వీటి చుట్టూ నడుస్తున్న చర్చ ఎక్కువగా టీకాలు, ల్యాబులు, నిధులు, అధికారాల గురించే.

అవన్నీ కావాల్సినవే. కానీ ఒక లెక్క గుర్తు చేసుకోవాలి. మన దేశంలో తొలి కొవిడ్ కేసు 2020 జనవరి 30న నమోదైంది. తొలి టీకా వేసింది 2021 జనవరి 16న. మధ్యలో దాదాపు ఏడాది పాటు మన చేతిలో ఉన్న ప్రధాన ఆయుధం జనం నడవడికే. రేపు టీకా ఇంకాస్త ముందే వచ్చినా, మొదటి నెలల్లో పరిస్థితి ఇంతే.

దాచుకున్న జ్వరం

1897లో పుణెలో ప్లేగు రోగులను వెతకడానికి సైనికులను ఇళ్లలోకి పంపారు. వంటిల్లు, పూజగది, ఆడవాళ్ల గది అన్న తేడా లేకుండా సోదాలు చేశారు. రోగిని ఆసుపత్రికి, మిగతా కుటుంబాన్ని శిబిరానికి తరలించారు. రోగం అంటుకున్నవాళ్లని వేరుగా ఉంచాలన్న ఆలోచనలో తప్పు లేదు. దాన్ని అమలు చేసిన తీరు మాత్రం జనాన్ని ఎదురు తిప్పింది. వాళ్లు రోగులను దాచారు, చావులనూ దాచారు. ప్లేగు కమిటీ అధిపతి రాండ్ మీద చాపేకర్ సోదరులు 1897 జూన్ 22 రాత్రి కాల్పులు జరపడం మనం స్వాతంత్ర్య పోరాట చరిత్రలో భాగంగా చదువుకుంటాం. వైద్య కళాశాలల్లో కూడా చెప్పాల్సిన కథ అది.

మన కాలంలో సైనికులు రాలేదు, కాగితం వచ్చింది. పాజిటివ్ వచ్చిన ఇంటి గేటుకు నోటీసు అంటించారు. కొన్నిచోట్ల వీధికి అడ్డంగా కర్రలు కట్టారు. ఉద్దేశం జాగ్రత్త చెప్పడమే కావచ్చు. జరిగింది మాత్రం వెలివేత. పనిమనిషి రాలేదు, పక్కింటివాళ్లు తలుపు తీయలేదు, అద్దె ఇల్లయితే ఖాళీ చేయమన్న ఫోను వచ్చింది. ఈ పోస్టర్ల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒకసారి పోస్టరు పడ్డాక ఆ ఇంటివాళ్లను అంటరానివాళ్లలా చూస్తున్నారని విచారణలో ధర్మాసనమే వ్యాఖ్యానించింది. చట్టప్రకారం అధికారం ఉన్నవారి ఆదేశం లేకుండా పోస్టర్లు అంటించకూడదని 2020 డిసెంబరు 9న తేల్చింది. అప్పటికే ఎన్ని ఇళ్లలో జ్వరం ‘టైఫాయిడ్’ అయిపోయిందో, దగ్గు ‘చల్లగాలి’ ఖాతాలో పడిందో లెక్కలేదు.

పరీక్ష చేయించుకుంటే గేటుకు కాగితం పడుతుందన్నప్పుడు, చేయించుకోకపోవడమే తెలివైన పనిగా తోస్తుంది. దాన్ని అజ్ఞానం అనలేం. పెళ్లికావాల్సిన కూతురు, నడవాల్సిన కొట్టు, కట్టాల్సిన అద్దె ఉన్న మనిషి వేసుకున్న లెక్క అది. ఆ లెక్కను మార్చకుండా శిక్షను ఒక్కటే పెంచితే దాచిపెట్టే నేర్పు పెరుగుతుంది.

జరిమానాలు అసలు పనికిరావా అంటే అదీ కాదు. దుకాణం గుమ్మంలో ‘మాస్కు లేకపోతే ప్రవేశం లేదు’ అన్న బోర్డు చాలాచోట్ల పనిచేసింది. చూసే మనిషి అక్కడే ఉన్నాడు కాబట్టి. చిక్కు ఏమిటంటే, వైరస్ ఎక్కువగా అంటుకునేది పోలీసు నిలబడని చోట్ల. తలుపులు మూసిన ఏసీ గదిలో, పెళ్లి విందులో, పెద్దకర్మ భోజనాల దగ్గర, నలుగురు కలిసి పడుకునే ఒంటి గదిలో. అక్కడ మనిషి తనంతట తాను పాటించాలి.

ఇంట్లో ఉండమంటే, ఏ ఇంట్లో?

2020 మార్చి చివరి వారం. ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలని దేశమంతటికీ ఆదేశం. హైదరాబాద్‌లో హాస్టళ్లేమో ఖాళీ చేయమన్నాయి. ఆంధ్రకు బయల్దేరిన విద్యార్థులు, చిరుద్యోగులు పోలీసుల అనుమతి పత్రాలు పట్టుకుని వచ్చి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. వెనక్కి వెళ్తే గది లేదు, ముందుకు వెళ్లనివ్వరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులైతే గుజరాత్‌లోని వెరావల్ రేవులో వారాల తరబడి పడవల్లోనే గడిపారు. వీళ్లలో ఎవరినీ నిబంధన ఉల్లంఘించినవాళ్లు అనలేం. పాటించడానికి వాళ్లకు చోటు లేదు.

2021 మేలో నల్గొండ జిల్లాలోని ఒక గిరిజన పల్లె విద్యార్థి కథ దేశమంతా వార్త అయింది. పాజిటివ్ వచ్చింది. విడిగా ఉండమన్నారు. ఇంట్లో ఉన్నది ఒకటే గది, అందులోనే కుటుంబమంతా. ఆ అబ్బాయి ఇంటి ముందున్న చెట్టు మీద వెదురు కర్రలతో మంచె కట్టుకుని పదకొండు రోజులు అక్కడే ఉన్నాడు. తిండి తాడు కట్టి పైకి లాక్కున్నాడు. చాలామంది దీన్ని వింతగా, కొందరు స్ఫూర్తిగా పంచుకున్నారు. నిజానికి ఆ చెట్టు మన మార్గదర్శకాల మీద ఒక వ్యాఖ్య. ‘గాలి వచ్చే గది, విడిగా మరుగుదొడ్డి’ అని రాసిన కాగితం ఎలాంటి ఇంటిని మనసులో పెట్టుకుని రాసిందో ఆ మంచె చూపించింది. ఆ అబ్బాయికి విషయం తెలుసు, పాటించాలన్న పట్టుదల కూడా ఉంది. లేనిది రెండో గది.

చోటు తర్వాత కూలి. కొవిడ్ తొలినాళ్లలో ఇజ్రాయెల్‌లో చేసిన ఒక సర్వేలో జనాన్ని సూటిగా అడిగారు: క్వారంటైన్‌లో ఉండమంటే ఉంటారా? పోయిన జీతం ప్రభుత్వం ఇస్తే ఉంటామన్నవారు 94 శాతం. ఇవ్వకపోతే ఉంటామన్నవారు 57 శాతానికి లోపే. మధ్యలో ఉన్న ఆ తేడాను ఏ ప్రచార చిత్రమూ పూడ్చలేదు. బ్రిటన్‌లో 2020 మార్చి నుంచి 2021 జనవరి వరకు జరిపిన సర్వేల్లో, లక్షణాలు వస్తే ఇంట్లోనే ఉంటామన్నవారు పదిమందిలో ఏడుగురు. నిజంగా లక్షణాలు వచ్చినప్పుడు పూర్తిగా ఇంటికే పరిమితమైనవారు 42.5 శాతమే. గడప దాటినవారిలో చేతిలో డబ్బు ఆడనివారు, చిన్నపిల్లలున్నవారు, కీలక రంగాల్లో పనిచేసేవారు ఎక్కువ. మనసులో ఉన్నదానికీ చేసినదానికీ మధ్య అడ్డుపడింది పూట గడవడం.

మన దగ్గర లాక్‌డౌన్ సాయం అందింది. తెలంగాణలో రేషన్ కార్డున్న కుటుంబానికి 1500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో పేద కుటుంబానికి 1000 రూపాయలు ఇచ్చారు. క్వారంటైన్ కేంద్రం నుంచి ఇంటికి వెళ్లే పేదలకు 2000 రూపాయలు ఇవ్వాలని కూడా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పట్లో నిర్ణయించింది. ఈ చివరిది ఆలోచనగా చాలా విలువైనది. నీ కూలి పోయిందని మాకు తెలుసు అన్న మాట అందులో ఉంది. అయితే ఇలాంటివన్నీ అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయాలు. రెండో ఉద్ధృతిలో ఇంట్లోనే 14 రోజులు ఉండిపోయిన ఆటో డ్రైవరుకో, తాపీమేస్త్రీకో ఫలానా సాయం నా హక్కు అని అడగడానికి చట్టంలో ఏమీ లేదు.

బంగ్లాదేశ్‌లో 600 ఊళ్లు

చోటు, కూలి పెద్ద ఖర్చుతో కూడినవి. మాస్కు అలా కాదు, చవక. మరి అది ఎందుకు జారింది? దీనికి బాగా పనికొచ్చే జవాబు పక్కనే ఉన్న బంగ్లాదేశ్ నుంచి వచ్చింది. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేసన్ అబలక్, ముష్ఫిక్ మొబారక్, వాళ్ల సహచరులు 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ మధ్య 600 పల్లెల్లో, సుమారు 3.4 లక్షల మంది పెద్దలతో ఒక ప్రయోగం చేశారు. సగం ఊళ్లను మామూలుగా వదిలేశారు. మిగతా ఊళ్లలో ఇంటింటికీ మాస్కులు ఉచితంగా ఇచ్చారు. ఎందుకు పెట్టుకోవాలో చెప్పారు. ఊరి పెద్దలు, మసీదుల్లో ఇమాములు పెట్టుకుని చూపించారు. సంతలో, దారిలో మాస్కు లేకుండా కనిపించినవాళ్లను మనుషులే ఆపి, మర్యాదగా గుర్తు చేసి, లేదంటే చేతికి ఒకటి ఇచ్చారు.

మామూలు ఊళ్లలో సరిగా మాస్కు పెట్టుకున్నవారు 13 శాతం. ఈ ఊళ్లలో 42 శాతం. అంటే మూడింతలు. అప్పటికీ సగానికి పైగా పెట్టుకోలేదన్నది కూడా దాచకూడదు. జబ్బు మీద ప్రభావం ఒక మోస్తరుగా ఉంది. సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్లలో లక్షణాలతో కూడిన కొవిడ్ 11 శాతం తగ్గింది. అరవై దాటినవారిలో 35 శాతం తగ్గింది. ఈ జబ్బు అంకెల మీద గణాంక నిపుణుల మధ్య వాదనలు నడిచాయి. అలవాటు మారిందన్న విషయంలో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు ఉంది.

అసలు విశేషం పనిచేయనివాటి జాబితాలో ఉంది. ఫోన్లకు పంపిన సందేశాలు అదనంగా ఏమీ మార్చలేదు. పెట్టుకుంటామని మాట తీసుకోవడం, తలుపు మీద గుర్తు అంటించడం తేడా తేలేదు. ఊరికి బహుమతి ఇస్తామన్నా అంతే. ‘మీకోసం’ అని చెప్పినా, ‘పదిమంది కోసం’ అని చెప్పినా ఒకటే. పనిచేసింది ఉచితంగా చేతికి అందడం, ఎదురుపడి గుర్తుచేసే మనిషి. ఆ మనిషి చేతిలో లాఠీ లేదు, రసీదు పుస్తకం లేదు.

మన దగ్గర దాదాపు అదే కాలంలో ఏం చేశాం? ప్రతి ఫోను కాల్‌కు ముందు దగ్గు వినిపించాం. మొదటి వారం ఉలిక్కిపడి విన్నవాళ్లే నెల తిరిగేసరికి ఆ గొంతును తిట్టుకున్నారు. ఇష్టం లేకపోయినా తప్పించుకోలేని హెచ్చరికను మెదడు త్వరగానే రొద కింద జమకడుతుంది.

ఫోను సందేశమే దండగ అని కూడా కాదు. 2020 మేలో పశ్చిమ బెంగాల్‌లో రెండున్నర కోట్ల మందికి ఒక వీడియో లింకు వెళ్లింది. నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ అందులో రెండున్నర నిమిషాల పాటు బెంగాలీలో మాట్లాడారు. లక్షణాలుంటే చెప్పండి, ప్రయాణాలు తగ్గించండి, రోగిని వెలివేయకండి అన్నారు. ఆ తర్వాత స్థానిక ఆరోగ్య కార్యకర్తలకు లక్షణాల గురించి చెప్పడం రెట్టింపైంది. ఊరు దాటే ప్రయాణాలు 20 శాతం తగ్గాయి. మామూలు ప్రభుత్వ సందేశం అందుకున్నవారితో పోల్చి వేసిన లెక్క ఇది. సమాచారం పెద్ద కొత్తది కాదు. చెప్పిన మనిషి తమవాడు, భాష తమది.

చెప్పేవాళ్లు చేస్తున్నారా?

బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ ముఖ్య సలహాదారు డొమినిక్ కమింగ్స్ లాక్‌డౌన్‌లో లండన్ నుంచి వందల మైళ్ల దూరం కారులో వెళ్లారని 2020 మే 22న బయటపడింది. పదవి పోలేదు. ఆ సమయంలోనే వేలమందిని క్రమం తప్పకుండా ప్రశ్నిస్తున్న లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు చూసిందేమిటంటే, కొవిడ్‌ను ప్రభుత్వం చక్కదిద్దగలదన్న నమ్మకం ఇంగ్లండ్‌లో ఒక్కసారిగా పడిపోయింది. సొంత ప్రభుత్వాలున్న స్కాట్లాండ్, వేల్స్‌లలో అలా పడలేదు. నిబంధనలు పాటించాలన్న పట్టింపూ ఆ తర్వాతి వారాల్లో ఇంగ్లండ్‌లోనే ఎక్కువ సడలింది.

మనం ఇంగ్లండ్ దాకా వెళ్లక్కర్లేదు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణలో మాస్కు లేకపోతే 1000 రూపాయల జరిమానా. అదే ఏప్రిల్ 17న నాగార్జునసాగర్‌లో, ఆంధ్రప్రదేశ్‌లోని తిరుపతిలో ఉప ఎన్నికల పోలింగ్. అంతకుముందు రోజుల్లో సభలు, ర్యాలీలు. హరిద్వార్‌లో కుంభమేళా. టీవీ తెరపై భుజాలు రాసుకుంటున్న జనం, కింద స్క్రోలింగులో ‘భౌతిక దూరం పాటించండి’. పెళ్లికి పరిమిత సంఖ్యలో పిలుచుకోవాలని చెప్పిన అధికారికి ఆ ఇంటి పెద్ద ఏమని జవాబిచ్చి ఉంటాడో ఊహించడం కష్టం కాదు. ఏడాది ముందు మే నెలలో మద్యం దుకాణాలు తెరిచిన రోజు కిలోమీటర్ల బారులూ ఇలాంటివే. గుడి మూసి, బడి మూసి, దాన్ని మాత్రం తెరిస్తే, ప్రమాదం ఎంతో జనం తమ కొలతతో తాము కొలుచుకుంటారు.

సూచనలు మారడం కూడా కొంత నష్టం చేసింది. మొదట ఆరోగ్యంగా ఉన్నవారికి మాస్కు అక్కర్లేదన్నారు. ఏప్రిల్ మొదట్లో ఇంట్లో కుట్టిన ముసుగు మంచిదని మన కేంద్రం చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జూన్ 5న వైఖరి మార్చుకుంది. కొత్త జబ్బు విషయంలో ఇది సహజమే. కానీ ‘మాస్కులు చాలడం లేదు, ముందు ఆసుపత్రి సిబ్బందికి కావాలి, ఇంకా తెలుసుకుంటున్నాం’ అని మొదటిరోజే సూటిగా చెప్పి ఉంటే, తర్వాత మాట మార్చినప్పుడు ‘వీళ్లకే తెలియదు’ అన్న ఎగతాళి అంత వచ్చేది కాదు.

నమ్మకం ఖాళీగా ఉండదు, ఇంకోచోట చేరుతుంది. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది రావడం చూశాం. ఆసుపత్రిలో పడక, ఆక్సిజన్ దొరకని రోజులవి. అక్కడ మందు ఊరికే ఇస్తున్నారు, ఇచ్చేది ఊళ్లోవాళ్లు తెలిసిన మనిషి. ఆ మందు కొవిడ్‌ను తగ్గిస్తుందని రుజువు కాలేదు, ఆ గుంపులు ప్రమాదకరం కూడా. అయినా మండుటెండలో అంత దూరం వచ్చి నిలబడినవాళ్లను ‘ఆరోగ్యం పట్టనివాళ్లు’ అనలేం. వాళ్లకు తమ ప్రాణం మీద తీపి ఉంది. ఎవరి మాట వినాలన్నదే వాళ్లకు తేలలేదు.

ఆ చోటును కొంతైనా నింపినవారు ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, ఆంధ్రలో వలంటీర్లు. తెలంగాణలో 2021 మేలో జరిగిన జ్వర సర్వేలో వాళ్లు గడప గడపకూ వెళ్లి, జ్వరం ఉందా అని అడిగి, మందుల కిట్టు చేతిలో పెట్టారు. బంగ్లాదేశ్ పల్లెల్లో పనిచేసిన సూత్రం ఇదే: వచ్చేది తెలిసిన మనిషి, రావడమూ ఉత్తచేతులతో కాదు. రిజిస్టరులో పేరు రాసుకుని వెళ్లిపోయే సర్వేకూ, మాత్రలు ఇచ్చి మూడోరోజు మళ్లీ వచ్చే సర్వేకూ ఇంటివాళ్లు చెప్పే జవాబు ఒకేలా ఉండదు. భారతదేశపు ఆశాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో సత్కరించింది. గౌరవ వేతనం కోసం వాళ్లు ధర్నా చౌకుల్లో కూర్చోవడం మాత్రం ఆ తర్వాత కూడా ఆగలేదు. రేపు జనాన్ని ఒప్పించాల్సిన మనిషిని ఇవాళ ఇలా చూసుకుంటున్నాం.

కొత్త చట్టం ముసాయిదా వచ్చినరోజు శిక్షల అధ్యాయం ఎంత పొడవుందో పత్రికలు రాస్తాయి. దాంతోపాటు వెతకాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పాజిటివ్ వచ్చిన రోజుకూలీకి ఆ రోజుల కూలి హక్కుగా రాశారా? రోగి పేరు, ఇల్లు గుట్టుగా ఉంచే పూచీ ఎవరిది? సభకూ, పెళ్లికీ ఒకే పరిమితి ఉందా? ఇవి ఢిల్లీలో తేలాల్సినవి. పంచాయతీలోనే తేల్చుకోగలిగినవీ ఉన్నాయి, వాటికి ఏ చట్టం కోసమూ ఆగక్కర్లేదు. ఒంటిగది ఇళ్లవాళ్లు విడిగా ఉండటానికి ఊళ్లో ఏ భవనం ఇస్తారు? బడా, సంక్షేమ హాస్టలా, కమ్యూనిటీ హాలా? అందులో నీళ్లు వస్తున్నాయా, మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందా? రెండు పూటలా వండేదెవరు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది?